మంచి డబుల్ బేస్‌కి ఎంత పెట్టాలి? లక్షన్నర దానికీ పన్నెండు లక్షల దానికీ తేడా ఏంటి?

కోడంబాక్కం_బేస్
అందరికీ నమస్కారం. ఉండేది చెన్నై, సొంతూరు నెల్లూరు. చాలా ఏళ్ళుగా బేస్ గిటార్ వాయిస్తున్నా, ఇప్పుడు డబుల్ బేస్ (వయొలిన్ ఆకారంలో మనిషంత ఎత్తుండే వాద్యం) నేర్చుకుంటున్నా. ప్రాక్టీసంతా క్లాసులో ఉన్న బేస్ మీదే, అది కూడా వేరేవాళ్ళకి అవసరం లేనప్పుడే దొరుకుతుంది. సొంతంగా ఒకటి కొనుక్కుందామని నాలుగు చోట్ల అడిగితే నాలుగు రేట్లు చెప్పారు, ఒకాయన లక్షా ఇరవై అన్నాడు, ఇంకొకాయన మూడు లక్షల పైమాటే అన్నాడు, ఫారిన్ వెబ్‌సైట్లలో చూస్తే పదీ పన్నెండూ, ఇంకా కిందికి జరుపుతూ పోతే ముప్పై నలభై లక్షలవి కూడా ఉన్నాయి. ఫోటోల్లో నా కంటికి మాత్రం అన్నీ ఒకటే. మా నాన్న ఆ డబ్బుతో కారొస్తుంది కదరా అంటున్నారు, ఆయనకి చెప్పడానికైనా కారణం తెలియాలి కదా. బడ్జెట్ రెండున్నర లక్షలు, లాగితే మూడు. గ్రేడ్ పరీక్షలు రాయాలని ఉంది కాబట్టి కమానుతో వాయించాలి, శని ఆదివారాలు ఒక చిన్న జాజ్ గ్రూపుతో వేళ్ళతో మీటేది ఎలాగూ ఉంది. ఏం చూసి కొనమంటారు? ఈ తేడా నిజంగా నాదంలో ఉంటుందా, పేరులో ఉంటుందా?

చెక్కపని
తమ్ముడూ, ముందు ఇది చూడు: ఎలా తయారుచేశారు అన్నదాన్ని బట్టే మొదటి పెద్ద తేడా వస్తుంది. మూడు రకాలు. పూర్తిగా ప్లై, అంటే లామినేటెడ్, పలుచటి పొరలు అతికించి అచ్చులో నొక్కి చేస్తారు. రెండోది హైబ్రిడ్, పైపలక ఒక్కటే స్ప్రూస్ అనే చెట్టు చెక్కని చెక్కి చేస్తారు, వెనకా పక్కలూ ప్లై. మూడోది ఫుల్ కార్వ్‌డ్, ముందు స్ప్రూస్, వెనకా పక్కలూ మేపుల్, అంతా అసలు చెక్కే.

కార్వ్‌డ్ దానికి ఎందుకంత రేటంటే, ఆ పైపలక వంపు చెక్కని వంచితే వచ్చేది కాదు. మందపాటి దుంగముక్క తీసుకుని బయటా లోపలా తొలుచుకుంటూ వస్తే వస్తుంది, అంటే కొన్న చెక్కలో చాలా భాగం పొట్టు కింద నేల మీదే పోతుంది. వయొలిన్‌కి సరిపోయే చెక్క చిన్న చెట్టులో కూడా దొరుకుతుంది కానీ బేస్‌కి కావాల్సినంత వెడల్పు, ముడి లేకుండా, నిలువు గీతలు దగ్గరదగ్గరగా ఉన్న స్ప్రూస్ కావాలంటే బాగా వయసున్న చెట్టే కావాలి. కోసినాక ఏళ్ళ తరబడి ఆరబెట్టాలి, అంతకాలం ఎవరిదో డబ్బు ఆ చెక్కలో ఇరుక్కుని ఉంటుంది. ఆ తర్వాత ఒక్క మనిషి కూచుని చేస్తే నెలల పని. మన బొబ్బిలి వీణల్లో ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి వీణకీ అతుకుల వీణకీ రేటు ఎందుకు తేడా ఉంటుందో ఇదీ అంతే.

రేట్ల సంగతికొస్తే, బయట దేశాల షాపుల్లో ఉజ్జాయింపుగా, మన డబ్బులో చెప్తున్నా: వాయించదగ్గ ప్లై బేస్ లక్షన్నర నుంచి రెండున్నర, హైబ్రిడ్ రెండున్నర మూడు నుంచి ఐదు, ఫ్యాక్టరీలో చేసిన ఫుల్ కార్వ్‌డ్ ఆరు నుంచి పన్నెండు, ఇవాళ బతికున్న మంచి లూథియర్ (చేత్తో తీగవాద్యాలు చేసేవాడు) పేరుతో చేసిచ్చేవి ఇరవై దాటి నలభై దాకా. పాత ఇటాలియన్‌వి కోట్లలో ఉంటాయి, వాటి గురించి మనకెందుకు. ఇవన్నీ అక్కడి రేట్లు, ఇక్కడికి తెప్పించే ఖర్చు వేరే.

ఇందిరానగర్_జాజ్
నేను బెంగళూరు నుంచి. చెక్కపని గారు చెప్పింది కరెక్టే కానీ ప్లై అనగానే మొహం తిప్పుకోకండి దయచేసి. అమెరికాలో కే కంపెనీ 1930ల చివర నుంచి 1960ల దాకా షికాగోలో చేసింది ఎక్కువ భాగం ప్లై బేస్‌లే, స్కూళ్ళలో, బ్లూగ్రాస్ బృందాల్లో, జాజ్ క్లబ్బుల్లో అవే వాడారు. ఇవాళ్టికీ మంచి కండిషన్‌లో ఉన్న పాత కే దొరికితే కొత్త ప్లై కన్నా ఎక్కువ పెట్టి కొంటున్నారు. వేళ్ళతో మీటేటప్పుడు ఆ ‘దుమ్’ అనే ముద్ద శబ్దం డ్రమ్స్ మధ్యలోంచి బాగా బయటికొస్తుంది, మైకు పెట్టినా ఫీడ్‌బ్యాక్ తక్కువ.

కాకపోతే కమాను విషయంలో తేడా తెలిసిపోతుంది, ఒప్పుకోవాలి. కార్వ్‌డ్ పైపలక ఉన్నదాని మీద కమాను పెట్టగానే స్వరం మొదలవుతుంది, మెల్లగా లాగినా పలుకుతుంది. ప్లై మీద కాస్త తోసి పలికించాలి, కింద ఇ తీగ మీద మరీను. పరీక్షలంటున్నారు కాబట్టి హైబ్రిడ్ దగ్గర ఆగండి, రెండు పనులకీ సరిపోతుంది.

కోడంబాక్కం_బేస్
థాంక్స్ అన్నా. ఇంకో డౌట్. నేను ఆరడుగులుంటా, మరి ఫుల్ సైజు కొనాలా? ఎక్కడ చూసినా త్రీ ఫోర్త్ అని రాస్తున్నారు, అది పిల్లలది కాదా? లక్షా ఇరవై చెప్పినాయన ‘ఇది ఫుల్ సాలిడ్ వుడ్ సార్, ఈ రేటుకి ఎక్కడా రాదు’ అని గట్టిగా చెప్తున్నాడు, అది ఎలా నమ్మేది?

చెక్కపని
త్రీ ఫోర్త్ అంటే పెద్దవాళ్ళదే. ప్రపంచంలో ఎక్కువమంది వాయించేది ఆ సైజే, తీగ పొడవు సుమారు 104 నుంచి 106 సెంటీమీటర్లు. ఆర్కెస్ట్రాల్లో కొందరు సెవెన్ ఎయిత్ వాడతారు. ఫోర్ ఫోర్త్ అంటే మెట్లెక్కించడానికే ఇద్దరు కావాలి, వేళ్ళు చాచలేక చెయ్యి నొప్పి పుడుతుంది. నువ్వు ఆరడుగులైనా త్రీ ఫోర్త్ తీసుకో, అడుగున ఉండే ఎండ్‌పిన్ కడ్డీ బయటికి లాగుకుంటే ఎత్తు సరిపోతుంది.

సాలిడ్ వుడ్ మాట నమ్మక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది. ఫోన్ టార్చ్ వేసి ఎఫ్ హోల్, అంటే పైపలకలో f ఆకారంలో ఉండే రంధ్రం, దాని అంచుని దగ్గరగా చూడు. అసలు చెక్క అయితే పైన కనిపించే స్ప్రూస్ గీతలు అంచు మలుపు తిరిగి మందంలోకి కూడా దిగుతాయి, మధ్యలో తెగవు. ప్లై అయితే అంచులో పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అడ్డంగా కనిపిస్తాయి, మధ్య పొర రంగు కూడా చాలాసార్లు తేడాగా ఉంటుంది. కొంతమంది ఆ అంచు కనిపించకుండా నల్లరంగు పూసేస్తారు. పూసి ఉంటే ఎందుకు పూశారని అడుగు.

తర్వాత ఫింగర్‌బోర్డు, తీగల కింద వేళ్ళతో నొక్కే పొడుగు పలక. అది ఎబొనీ అనే నల్లటి గట్టి చెక్క అయితే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. చవకవాటిలో తెల్లచెక్కకి నల్లరంగేసి ఎబొనీ అంటారు. తెల్లబట్ట కాస్త తడిపి ఫింగర్‌బోర్డు అడుగువైపు, తీగల కింద కాదు మెడ దాటి బయటికి వచ్చిన భాగం అడుగున, రెండుసార్లు రుద్ది చూడు. బట్టకి నలుపు అంటినా, కింద గోధుమరంగు మచ్చ తేలినా అది రంగేసిన చెక్క కావచ్చు, అనుమానించు. మెత్తని చెక్క మీద ఉక్కు తీగలు కొన్నాళ్ళకే గాడులు చేస్తాయి, అప్పుడు బర్రుమని మోత, దాన్ని సాపు చేయించడానికి మళ్ళీ డబ్బు.

ఇంకా: తీగల్ని పైకెత్తి పట్టే బ్రిడ్జి కాళ్ళ కింద కాగితం ముక్క దూరకూడదు, దూరిందంటే కాలు పలక వంపుకి అతికినట్టు చెక్కలేదన్నమాట. అంచు చుట్టూ ఉండే నల్లగీత పొదిగిందా పెయింట్ వేసిందా చూడు. తీగలు బిగించే కీలు నాలుగూ తిప్పి చూడు, పళ్ళు జారుతుంటే వద్దు. లక్షా ఇరవైకి నిజంగా చెక్కిన బేస్ ఇస్తున్నారంటే ఎక్కడో ఒకచోట కోత పడే ఉంటుంది, చాలాసార్లు అది సరిగా ఆరని చెక్క.

రికార్డింగ్_బాబాయ్
అబ్బాయ్, నేను వయొలిన్ వాణ్ణి. మద్రాసులో తెలుగు సినిమాలు రికార్డయ్యే రోజుల నుంచీ ఇక్కడే ఉన్నాను, వడపళనీ సాలిగ్రామం చుట్టే తిరిగాం. అప్పుడు అందరం ఒకే హాల్లో కూచుని ఒకే టేకులో వాయించేవాళ్ళం, ఎవరు తప్పినా మళ్ళీ మొదటికే. డబుల్ బేస్ ఒక్కటే ఉండేది, సెల్లోల వెనకాల. అది ఏ దేశంలో చేసిందో, ఏ రకమో మాకెవరికీ పట్టేది కాదు. కానీ ఆ బేస్ వాయించే ఆయన సెషన్‌కి ముందే వచ్చి తీగలు, బ్రిడ్జి చూసుకుని, వేలు పెట్టి తోసి సర్దుకునేవాడు. బ్రిడ్జి ఒక వెంట్రుకవాసి వాలినా ఆయనకి తెలిసిపోయేది. అది సరిగా నిలబడ్డ రోజు మా వయొలిన్లన్నిటికీ కింద నేల ఉన్నట్టుండేది.

నేను చెప్పేదేమిటంటే, వాద్యం ఎంతకి కొన్నావన్నది ఒక లెక్క, దాన్ని సెటప్ చేసినవాడెవరన్నది ఇంకో లెక్క. మౌంట్ రోడ్డులో 1842లో మిస్క్విత్ పేరుతో మొదలైన మ్యూజీ మ్యూజికల్ ఇవాళ్టికీ ఉంది, 2008లో రెహమాన్ పెట్టిన కేఎం సంగీత కన్సర్వేటరీ వచ్చింది, లండన్ వాళ్ళు పెట్టే ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం సంగీత గ్రేడ్ పరీక్షలు ఊళ్ళో జరుగుతున్నాయి, నేర్చుకోడానికి కొరత లేదు. బేస్ మీద చెయ్యి తిరిగిన రిపేరువాళ్ళే తక్కువ. వాద్యం కన్నా ముందు ఆ మనిషిని వెతుక్కో.

ఇందిరానగర్_జాజ్
బాబాయ్ గారి మాటకి వంద లైకులు. సెటప్ అంటే ఏదో తీగలు బిగించడం అనుకుంటారు చాలామంది. ఫింగర్‌బోర్డుని రందా పట్టి సరైన వంపు తెచ్చుకోవడం, మెడ పైకొసన తీగలు ఆనే నట్ దగ్గర గాడి లోతు, బ్రిడ్జి ఎత్తు, లోపల పైపలకకీ వెనకపలకకీ మధ్య నిలిచే సౌండ్‌పోస్టు అనే కర్రముక్క కొత్తది చెక్కి నిలబెట్టడం, ఇదంతా కలిపి. బయట దేశాల్లో మంచి షాపులు పెట్టెలోంచి తీసిన బేస్‌ని ఈ పనంతా చేశాకే అమ్ముతాయి, అందుకే అదే మోడల్ ఒకచోట రెండు లక్షలు, ఇంకోచోట రెండూ డెబ్బై. జనం తక్కువ రేటు చూసి కొంటారు, తర్వాత సెటప్‌కి ఆ మిగిలినదానికంటే ఎక్కువే పెడతారు.

మా గ్రూపులో ఒకతను ఒక ఆన్‌లైన్ షాపులో తెప్పించుకున్నాడు, పేరెందుకులెండి. పెట్టె తెరిచేసరికి సౌండ్‌పోస్టు లోపల దొర్లుతోంది, బ్రిడ్జి విడిగా కవర్లో ఉంది, తీగలు ఫింగర్‌బోర్డు చివర్న బొటనవేలంత ఎత్తు. అమ్మినవాళ్ళు ‘మీ ఊళ్ళో ఎవరితోనైనా పెట్టించుకోండి’ అని మెయిల్ పెట్టి ఊరుకున్నారు. పాపం అది వాయించే స్థితికి రావడానికి నెలలు పట్టింది.

హార్బర్_వాసి
నేను సంగీతం వాణ్ణి కాదు, మా అబ్బాయి సెల్లో నేర్చుకుంటాడు కాబట్టి ఇక్కడ చదువుతుంటా. నా పని ఫ్రైట్ ఫార్వార్డింగ్, చెన్నై ప్యారీస్ కార్నర్‌లో ఆఫీసు. ఇండియాలో రేటు ఎందుకు పెరుగుతుందో నా వైపు నుంచి చెప్తా.

డబుల్ బేస్ బరువు పది కిలోల అటూ ఇటూ. కానీ గాల్లో పంపితే బరువుకి కాదు, అది ఆక్రమించే చోటుకి డబ్బు కట్టాలి. పెట్టె 200 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు, 50 ఎత్తు అనుకోండి, మూడూ గుణించి 6000తో భాగిస్తే 125 కిలోలు వస్తుంది. అంటే పది కిలోల వస్తువుకి 125 కిలోల ఛార్జీ. కొరియర్‌లో అయితే 5000తో భాగిస్తారు, 150 అవుతుంది. అదే ఓడలో వేస్తే ఘనమీటరు లెక్క, ఈ పెట్టె ముప్పావు ఘనమీటరే, ఛార్జీ చాలా తగ్గుతుంది, కాకపోతే వారాల తరబడి కంటైనర్ వేడిలో తేమలో ఉంటుంది. వచ్చాక కస్టమ్స్ సుంకం వస్తువు ధర మీద ఒక్కటే పడదు, ధరకి రవాణా ఇన్సూరెన్సు కూడా కలిపి ఆ మొత్తం మీద వేస్తారు, సుంకం కూడా కలిసిన మొత్తం మీద మళ్ళీ జీఎస్టీ. అందుకే గాల్లో తెప్పిస్తే పన్ను కూడా పెరుగుతుంది. రెండు లక్షల బేస్ చెన్నైలో మూడు దాటిందంటే షాపువాడు దోచేస్తున్నాడని అనుకోవద్దు, అందులో చాలాభాగం దారిలోనే ఖర్చయిపోతుంది.

అన్నానగర్_అమ్మ
ఏమని పిలవాలో తెలీదు హార్బర్ గారూ, ఈ లెక్క ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్సండి. మా పాప బేస్ వాయిస్తుంది, మాది హైబ్రిడ్. నాదొక్కటే మాట తమ్ముడూ, మొత్తం డబ్బు బేస్ మీదే పెట్టేయకు. మాకు కొన్నాక తెలిసింది ఇంకెన్ని ఉన్నాయో. తీగల సెట్టే పదమూడు వేల నుంచి ముప్పై వేల దాకా ఉంది, స్పిరోకోర్ అంటారు ఇవా పిరాజీ అంటారు, అవి తీగల రకాల పేర్లు, ఏది కావాలో టీచర్ని అడిగే కొను. కమాను విడిగా, కమానుకి రాసే రోజిన్ విడిగా, మెత్తటి దళసరి కవరు విడిగా. లిఫ్టులో పట్టదేమోనని ముందే కొలుచుకో, మాది పాత అపార్ట్‌మెంట్ కావడంతో మెట్ల మీదే మోస్తున్నాం. కారు వెనక సీటు మడిస్తే పడుతుందో లేదో కూడా చూసుకోవాలి.

చెక్కపని
అక్క చెప్పిన కమాను సంగతి ముఖ్యం. మంచి కమానుకి వాడే పెర్నంబుకో బ్రెజిల్ చెట్టు, 2007 నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలో ఉంది, చెక్క దొరకడం తగ్గిపోయి రేట్లు బాగా పెరిగాయి. నేర్చుకునేవాళ్ళకి కార్బన్ ఫైబర్ హాయి, పదిహేను ఇరవై వేలలో నమ్మకమైనది వస్తుంది, మన ఉక్కకి వంగదు. కమాను ఫ్రెంచ్ పద్ధతిలో పట్టుకునేదా జర్మన్ పద్ధతిలోదా అన్నది మీ టీచర్ ఏది వాడితే అదే.

ఇప్పుడు చెన్నై గాలి గురించి. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం ఉక్క, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, మధ్యలో ఏసీ గదిలో పెడితే పొడి. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఏసీలో కుంచించుకుంటుంది, అది కూడా గీతలకి అడ్డంగానే ఎక్కువ. తీగలు నాలుగూ కలిపి వంద కిలోల పైనే లాగుతుంటాయి, అంత బిగువులో కార్వ్‌డ్ పలక ఏ మూలో విడుస్తుంది. అందుకే లూథియర్లు పలకల్ని పక్కలకి హైడ్ గ్లూతో (జంతు చర్మంతో చేసే జిగురు), కావాలనే కాస్త మెత్తగా అతికిస్తారు. ఒత్తిడి వచ్చినప్పుడు అతుకు విడిపోతుంది, చెక్క పగలదు. విడిన అతుకు మళ్ళీ అదే జిగురుతో ఒక పూటలో మూసేయొచ్చు. దయచేసి ఫెవికాల్ మాత్రం పెట్టనివ్వొద్దు, తర్వాత తీయాలంటే చెక్కే లేచి వస్తుంది.

వెనకవైపు చదునుగా ఉండే ఫ్లాట్ బ్యాక్ బేస్‌లు ఉంటాయి, చెక్క తక్కువ పడుతుంది కాబట్టి కొన్ని చవగ్గా వస్తాయి. లోపల అడ్డంగా కర్రలు అతికించి ఉంటాయి, వెనక చెక్క కుంచించుకుంటే ఆ కర్రలు కుంచించుకోవు, పగుళ్ళొస్తాయి. సముద్రం పక్క ఊళ్ళో అసలు చెక్క ఫ్లాట్ బ్యాక్ నేనైతే తీసుకోను.

ఈ లెక్కన నా అభిప్రాయం సూటిగా: మూడు లక్షల్లోపు అయితే చవక ఫుల్ కార్వ్‌డ్ కన్నా మంచి హైబ్రిడ్ చాలా నయం. పక్కలూ వెనకా ప్లై కాబట్టి అంత తేలిగ్గా పగలవు, పైపలక అసలైనది కాబట్టి కమానుకి పలుకుతుంది. షెన్, ఈస్ట్‌మన్, క్రిస్టఫర్ లాంటివి చైనాలోనే చేసినా పని బాగుంటుంది, చైనా అనగానే వద్దనకు, మేకర్ ఎవరో చూడు.

పెరంబూర్_సెల్లో
నేను ఒప్పుకోనండి. ఒకసారి కొనేది, అప్పు చేసైనా ఫుల్ కార్వ్‌డ్ కొంటే అది వయసుతో పాటు నాదం పెరుగుతుంది, రేటు కూడా పడదు. హైబ్రిడ్ కొని మూడేళ్ళకి అమ్మి మళ్ళీ కొనడమంటే రెండుసార్లు ఖర్చు. సెల్లో విషయంలో నాకు అదే జరిగింది.

ఇందిరానగర్_జాజ్
మీరన్నది వాయించేది బాగా కుదిరినవాళ్ళకి నిజం. సెల్లో అయితే అమ్మడం కొనడం సులువు కూడా. మన దక్షిణాదిలో బేస్ వాయించేవాళ్ళే తక్కువ, అప్పుచేసి పది లక్షల బేస్ కొన్నాక అమ్ముదామంటే కొనేవాళ్ళ కోసం ఎన్నాళ్ళు ఎదురు చూడాలో. నేర్చుకునే దశలో మూడు లక్షలదానికైతే ఎవరో ఒకరు దొరుకుతారు. ఇంకో సంగతి, రేటు పెరిగే కొద్దీ నాదంలో తేడా అంతే వేగంగా పెరగదు. ఒకటి నుంచి మూడు లక్షలకి పోతే ఎవరికైనా వినిపిస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండుకి పోతే వాయించే మనిషి చేతికి తెలుస్తుంది, ఎదురుగా కూచున్నవాళ్ళకి తెలియకపోవచ్చు. ఇరవై నుంచి పైకి పోతే అందులో మేకర్ పేరు, చరిత్ర కూడా కలిసుంటాయి.

పేరు విషయంలో అమెరికా బేసిస్టు గ్యారీ కార్ బేస్ కథ చెప్పాలి. బేసిస్టు, కండక్టర్ అయిన కూసెవిట్స్కీ వాయించిన బేస్‌ని ఆయన భార్య 1960ల మొదట్లో గ్యారీ కార్‌కి ఇచ్చేసింది. 1611లో పేరున్న ఇటలీ వాద్యకారులు అమాటీ సోదరులు చేసిందని అందరూ అనుకునేవాళ్ళు. తర్వాత చెక్కలో వలయాలు లెక్కగట్టి చూస్తే ఆ చెక్కలో అమాటీ సోదరుల కాలం తర్వాత పెరిగిన వలయాలు ఉన్నాయని తేలింది. అయినా దాని మీద ఆయన వాయించింది విన్నవాళ్ళెవరూ ఆ నాదం తక్కువదనలేదు. ఆయన దాన్ని అంతర్జాతీయ బేసిస్టుల సంఘానికి ఇచ్చేశారు. అమాటీ అన్న మాటకి వేలంలో పలికే ధర వేరు, ఆ వాద్యం పలికే పలుకు వేరు. మనం డబ్బు పెట్టేది రెండోదానికి.

రికార్డింగ్_బాబాయ్
బాగా చెప్పావు నాయనా. పెరంబూర్ అమ్మాయి/అబ్బాయి మాట కూడా తీసెయ్యొద్దు, ఆర్కెస్ట్రాలో ఉద్యోగం చేద్దామనుకునేవాడికి ఎప్పటికైనా కార్వ్‌డ్ తప్పదు. ఈ అబ్బాయి ఇంకా ఆ మెట్టు దగ్గరికి రాలేదు.

కోడంబాక్కం_బేస్
అందరికీ చాలా థాంక్స్, నాన్నకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించా, హార్బర్ గారి 125 కిలోల లెక్క విని ‘ఓహో అదా సంగతి’ అన్నారు, ఆయనకి అదొక్కటి బాగా ఎక్కింది. బడ్జెట్ ఇలా వేసుకున్నా: హైబ్రిడ్‌కి రెండూ ముప్పై దాకా, మిగతా డెబ్బైలో సెటప్, కార్బన్ కమాను, ఒక సెట్ తీగలు. ఇంపోర్ట్ చేస్తే ఈ లెక్క సరిపోదు కాబట్టి ముందు సెకండ్‌హ్యాండ్ చూస్తా. బెంగళూరులో ఒక హైబ్రిడ్ అమ్మకానికి ఉందని మా టీచర్ చెప్పారు, వచ్చే వారం చూడ్డానికి వెళ్తున్నా, టార్చ్, తెల్లబట్ట, కాగితం ముక్క అన్నీ బ్యాగులో పెట్టుకున్నా. కుదిరితే వ్యానులో తీసుకొచ్చేస్తా. తెచ్చేటప్పుడు తీగలు పూర్తిగా వదులు చేసెయ్యాలా?

చెక్కపని
పూర్తిగా వద్దు. తీగల బిగువే బ్రిడ్జినీ లోపలి సౌండ్‌పోస్టునీ నిలబెట్టేది, సౌండ్‌పోస్టుకి జిగురు ఉండదు, మొత్తం వదిలేస్తే పడిపోతుంది. నాలుగు తీగలూ ఒక స్వరం కిందికి దించు, అంతే. తీగల కింది చివర పట్టే టెయిల్‌పీస్‌కీ పైపలకకీ మధ్య మడిచిన గుడ్డ పెట్టి, ఎండ్‌పిన్ లోపలికి తోసి, వ్యానులో పక్కవాటుగా పడుకోబెట్టు, బ్రిడ్జి మీద బరువు పడకూడదు. హోసూరు రోడ్డులో ఎండలో బండి ఆపి టిఫిన్‌కి వెళ్ళొద్దు, లోపల వేడికి అతుకులు విడతాయి. ఇంటికి తెచ్చాక ఆ రోజే శ్రుతి చేయకు, రాత్రంతా గదిలో ఉంచి పొద్దున మెల్లగా బిగించు. చూసేటప్పుడు ఎఫ్ హోల్ అంచు ఫోటో, బ్రిడ్జిని పక్కనుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు, డబ్బు ఇచ్చేలోపే చూసి చెప్తా.